దోమకు లేని యాంటీబాడీలు మనకెందుకు వచ్చాయి?

ప్రశ్న: డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. కీటకాలకు యాంటీబాడీలు ఉండవని తరగతిలో చెప్పారు. అయినా అవి కోట్ల ఏళ్లుగా బతుకుతూనే ఉన్నాయి. మరి చేపల నుంచి మనుషుల దాకా ఇంత సంక్లిష్టమైన ఏర్పాటు ఎందుకు అవసరమైంది? అది ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు 1: యాంటీబాడీలు లేనంత మాత్రాన కీటకాలకు రక్షణ లేదనుకోకండి. డ్రోసోఫిలా ఈగను టోల్ అనే జన్యువు శిలీంధ్రాల నుంచి కాపాడుతుందని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. ఆ కోవకు చెందిన గ్రాహకాలు, అంటే సూక్ష్మజీవులను పసిగట్టే ప్రోటీన్లు, మనలో 10 ఉన్నాయి. 2006లో జన్యుక్రమం వెలువడిన ఊదారంగు సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవిలోనైతే అటువంటి జన్యువులు 222 కనిపించాయి.

జవాబు 2: ఎక్కడి నుంచి అన్నదే నాకు ఆసక్తికరమైన ప్రశ్న. మన యాంటీబాడీ జన్యువులు ముక్కలుగా ఉంటాయి. లింఫోసైట్ అనే తెల్ల రక్తకణం ఎదిగే దశలో రాగ్ అనే ఎంజైములు వాటిని కత్తిరించి, ఒక్కో కణంలో ఒక్కో విధంగా అతికించడానికి తోడ్పడతాయి. ఈ ముక్కల అమరికను కనుగొన్నందుకే సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. రాగ్ జన్యువులు మాత్రం ఒకప్పుడు జన్యురాశిలో చోటు మారుతూ తిరిగిన, పరాన్నజీవి వంటి డీఎన్‌ఏ ముక్క నుంచి వచ్చినవి. యాంటీబాడీలే లేని, చేపలా కనిపించే యాంఫియాక్సస్ అనే చిన్న సముద్రజీవిలో దాని బంధువు ఇంకా చురుకుగా ఉన్నట్టు 2016లో తేలింది. దొంగకే తాళాలు అప్పగించినట్టయింది!

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అయితే దవడలు వచ్చి, వేటాడి తినడం పెరిగి, గాయాలు ఎక్కువయ్యాకే ఈ వ్యవస్థ అవసరమైందని అనుకోవచ్చా?

జవాబు 3: ఆ వాదన ఉంది కానీ, పాములా పొడవుగా ఉండే లాంప్రే అనే చేప దగ్గర అది తడబడుతుంది. దానికి దవడలూ లేవు, మన తరహా యాంటీబాడీలూ లేవు. అయినా అసంపూర్తిగా ఉన్న ఒక జన్యువులోకి పక్కనున్న ముక్కలను నకలు చేసుకుంటూ, పూర్తిగా వేరే నిర్మాణం గల లెక్కలేనన్ని గ్రాహకాలను తయారుచేసుకుంటుందని 2004లో బయటపడింది. అంటే ఒకే సమస్యకు పరిణామం రెండు దారులు వెతుక్కుంది.

అసలు ‘అవసరం’ అన్న మాటనే నేను అనుమానిస్తాను. అట్లాంటిక్ కాడ్ చేప, సూక్ష్మజీవుల ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించే ఎంహెచ్‌సీ రెండో తరగతి ప్రోటీన్ల జన్యువులను పోగొట్టుకుని కూడా సముద్రంలో విస్తారంగా బతుకుతోందని 2011లో తెలిసింది. లోతు నీటి యాంగ్లర్ చేపల్లో మగది ఆడదాని శరీరానికి శాశ్వతంగా అతుక్కుపోయే కొన్ని జాతులలో, పరాయి కణజాలాన్ని తిరస్కరించే ఈ వ్యవస్థే అడ్డు కాబట్టి కాబోలు, రాగ్ జన్యువులే పనిచేయడం మానేశాయి.