వేగంలో స్పోర్ట్స్ కారు డిక్కీ లేస్తుంటే ముందు లాక్ బిగించాలా, లోపలి గాలికి దారి ఇవ్వాలా?

భీమవరం సభ్యుడు:

మా కుటుంబంలో చాలాకాలంగా ఉన్న రెండు తలుపుల స్పోర్ట్స్ కారుకు వెనక అద్దం, డిక్కీ మూత కలిసి ఒకే తలుపుగా పైకి లేస్తాయి. 16వ నంబరు జాతీయ రహదారి మీద తాడేపల్లిగూడెం నుంచి రావులపాలెం వైపు వెళ్తున్నప్పుడు, వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటగానే ఆ తలుపు కింది అంచు దగ్గర ఈల మొదలవుతుంది. పక్క నుంచి పెద్ద లారీ దాటినప్పుడు తలుపు కొద్దిగా లేచి మళ్లీ కూర్చున్నట్లు స్పష్టంగా తెలుస్తుంది. ముందు కిటికీలు దించితే ఈల తగ్గుతుంది గాని, లోపలికి పొగ వాసన వస్తుంది. ఒక షెడ్డులో అదనంగా రెండు క్లిప్పు లాకులు బిగించమన్నారు. మరొక షెడ్డులో వెనక పక్క రేకుకు గాలి రంధ్రాలు కోయమన్నారు. ఈ రెండింటిలో ఏది ముందు చేయాలో, అసలు ఏది సరైనదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రావులపాలెం సభ్యుడు (టింకరింగ్ షెడ్డు):

నా అభిప్రాయంలో లాక్ పనే ముందు. వేగంలో డిక్కీ తెరుచుకుంటే గాలి దానిని ఒక్కసారిగా ఎత్తేస్తుంది, అద్దం పగిలితే వెనక బండి మీద వస్తున్నవాడి మీద పడుతుంది. గాలి లెక్కలు తరువాత చూసుకోవచ్చు, ప్రాణాపాయం మాత్రం ఆగదు. పాత కార్లలో లాక్ పట్టుకునే కొక్కెం అరిగిపోవడం, తలుపు మూలల్లో ఉండే రబ్బరు బఫర్లు అణిగిపోవడం మేము తరచూ చూస్తాం. రేకుకు రంధ్రాలు కోయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. 1970 ప్రాంతంలో వచ్చిన డాట్సన్ 240జెడ్ తొలి కార్లకు గాలి బయటికి పోయే జాలీలు డిక్కీ తలుపు మీదనే ఉండేవి. 1971లో వాటిని వెనక పక్క స్తంభాల మీదికి మార్చారు. తయారుచేసినవారే చోటు మార్చుకోవలసి వచ్చిన పనిని మనం కంటి అంచనాతో చేయడం ఎంతవరకు సబబో ఆలోచించండి.

కాకినాడ సభ్యుడు (ఫ్లూయిడ్ మెకానిక్స్ విశ్రాంత అధ్యాపకుడు):

భీమవరం వారు చెప్పిన లక్షణాల్లోనే సగం సమాధానం ఉంది, కాబట్టి వాటినే పట్టుకుని ముందుకు వెళ్దాం.

గాలి కారు పైకప్పు మీదుగా వచ్చి వెనక అద్దం వైపు వంగే చోట వేగం పెరుగుతుంది, అక్కడ పీడనం బయటి వాతావరణం కన్నా తగ్గుతుంది. మరోవైపు, బ్లోయర్‌కు గాలి అందేది ముందు అద్దం మొదట్లోని జాలీ నుంచి, అక్కడ పీడనం ఎక్కువ. ఆ గాలి లోపలికి వచ్చి, మామూలుగా వెనక బంపరు చాటున ఉండే రబ్బరు రెక్కల గవాక్షాల గుండా బయటికి పోవాలి. ఈ రెక్కలు దుమ్ముతో అతుక్కుపోయినా, కార్పెట్ గాని స్పీకరు పెట్టె గాని వాటికి అడ్డం వచ్చినా, క్యాబిన్‌లో పీడనం నిలిచిపోతుంది. అప్పుడు డిక్కీ తలుపును పైనుంచి లాగే బలమూ లోపలి నుంచి తోసే బలమూ ఒకే దిశలో కలుస్తాయి.

లెక్క పెద్దదేమీ కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి చలన పీడనం, అంటే ఎదురు గాలిని నిలిపితే పడే ఒత్తిడి, సుమారు 460 పాస్కల్‌లు. లోపలికీ బయటికీ మధ్య తేడా అందులో 0.4 వంతు అనుకుంటే, ఒక చదరపు మీటరు తలుపు మీద సుమారు 19 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. పీడనం వేగం వర్గంతో పెరుగుతుంది గనుక 160 దగ్గర అదే తోపు 48 కిలోల వరకు వెళ్తుంది. మంచి స్థితిలో ఉన్న లాక్ ఈ బరువును సునాయాసంగా తట్టుకుంటుంది. అయితే లాక్ ఉండేది మధ్యలో ఒక్కచోటే. అంచుల దగ్గర రేకు వంగి, బీడింగ్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మీది ఒత్తిడి సడలి, సందు ఏర్పడుతుంది. ఈల వచ్చేది ఆ సందులోంచే.

ఇక కిటికీల సంగతి. ముందు కిటికీ దించగానే, ముందు అద్దం అంచు స్తంభం పక్కన గాలి వేగంగా జారే తక్కువ పీడనపు చోటికి క్యాబిన్ తెరుచుకుంటుంది, లోపలి పీడనం పడిపోతుంది. డిక్కీ మీద తోపు తగ్గి ఈల ఆగడానికి కారణం ఇదే. అదే క్షణంలో, కారు వెనక సుడి తిరుగుతున్న గాలిలో చిక్కుకున్న పొగ, కింది అంచు సందులోంచి లోపలికి వస్తుంది. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, వాసన తెలిసే పొగతో పాటు అదీ లోపలికి చేరుతున్నట్లే లెక్క. నన్ను ఈ మొత్తంలో ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. దయచేసి పిల్లలను ఆ కారులో ఎక్కించుకుని కిటికీలు దించి దూర ప్రయాణం చేయకండి.

అందుచేత నా వరుస ఇది: ముందు రబ్బరు రెక్కలు శుభ్రం చేయడం, తరువాత బీడింగ్ మార్చడం, ఆపైన కొక్కెమూ బఫర్లూ సర్దడం. అదనపు క్లిప్పులు వేస్తే తలుపు కదలదు గాని, లోపలి పీడనం ఎక్కడికీ పోదు.

అమలాపురం సభ్యుడు:

ట్రాక్ మీద కార్లు నడిపే స్నేహితులతో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకు వెళ్తుంటాను. అక్కడ చాలామంది మొదట చూసేది వెనక స్పాయిలర్. డిక్కీ చివర ఎత్తుగా ఉన్న అంచు గాలిని కాస్త నిలబెడుతుంది, దాని ముందున్న అద్దం మీద పీడనం పెరుగుతుంది, కాబట్టి తలుపును లాగే బలమూ కారు వెనక భాగాన్ని ఎత్తే బలమూ రెండూ తగ్గుతాయి. 1998లో వచ్చిన ఆడీ టీటీకి మొదట స్పాయిలర్ లేదు. అధిక వేగంలో ప్రమాదాలు జరిగాక అప్పటికే అమ్మిన కార్లను కూడా వెనక్కి పిలిపించి స్పాయిలర్ బిగించారు, సస్పెన్షన్‌ను కూడా సవరించారు. ఆకారంలోనే లోపం ఉన్నప్పుడు రబ్బరు మార్చి ఏమి లాభం?

కాకినాడ సభ్యుడు:

స్పాయిలర్ గురించి మీరు చెప్పిన సూత్రం నిజమే. అయితే ఆ ఉదంతం కారు మొత్తం వెనక నుంచి తేలికపడి స్థిరత్వం కోల్పోవడానికి సంబంధించినది. భీమవరం వారికి 90 దగ్గరే ఈల వస్తున్నది. కారు కొత్తగా ఉన్నప్పుడు ఇదే ఆకారంతో ఆ ఈల లేదంటే, మారినది ఆకారం కాదు, రబ్బరు. ఉప్పుగాలీ చెరువుల తేమా కలిసిన మన ప్రాంతంలో బీడింగ్ త్వరగా బిగుసుకుపోతుంది, అది కూర్చునే రేకు గాడి తుప్పుపట్టి ఉబ్బుతుంది. కొత్త బీడింగ్ వేసే ముందు ఆ గాడిని గీకి, ప్రైమర్ వేయించకపోతే డబ్బు వృథా.

భీమవరం సభ్యుడు:

కొత్తలో ఈ శబ్దం లేదని నాన్నగారు చెబుతున్నారు. వెనక కార్పెట్ కింద మేము తరువాత వేయించిన స్పీకరు పెట్టె కూడా ఉంది. సందు ఎక్కడుందో ఇంటి దగ్గరే తెలుసుకునే మార్గం ఉందా?

రావులపాలెం సభ్యుడు:

ఉంది. కాగితం ముక్కను బీడింగ్ మీద పెట్టి డిక్కీ మూసి లాగండి. సులువుగా జారి వచ్చిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. తరువాత కిటికీలన్నీ మూసి, బయటి గాలి వచ్చేలా పెట్టి బ్లోయర్‌ను పూర్తిగా తిప్పి, వెలిగించిన అగరుబత్తిని అంచు వెంట బయటినుంచి నడిపించండి. పొగ ఎక్కడ చెదిరితే గాలి అక్కడ కారుతున్నది. అద్దాలన్నీ వేసి ఉండగా డిక్కీ మూస్తే చెవులు బిగుసుకున్నట్లు అనిపించినా, ఒక కిటికీ దించితేనే లాక్ పడుతున్నా, గవాక్షాలు మూసుకుపోయాయని నేనూ ఒప్పుకుంటాను. అయినా కొక్కెం సరిచూడకుండా కారును మళ్లీ హైవే ఎక్కించడానికి మాత్రం ఒప్పుకోను.

కాకినాడ సభ్యుడు:

హైవే అవసరం లేదు. తాపీ మేస్త్రులు మట్టం చూసే సన్నని పారదర్శక గొట్టం తీసుకుని, ఆంగ్ల యూ అక్షరంలా వంచి రంగునీళ్లు పోయండి. ఒక కొస క్యాబిన్‌లో ఉంచి, రెండో కొసను డిక్కీ తలుపు మీదికి తీసుకువెళ్లి టేపుతో అతికించండి. ఆ కొస పైకి పొడుచుకుని గాలికి ఎదురు నిలిస్తే కొలత తప్పుతుంది, కాబట్టి రంధ్రం రేకుతో సమంగా ఉండాలి. 60 కిలోమీటర్ల వేగం చాలు. నా అంచనా సరైతే రెండు మట్టాల మధ్య సుమారు 7 మిల్లీమీటర్ల తేడా కనిపిస్తుంది. దానిని 2.8తో గుణిస్తే 100 దగ్గర ఎంతో వస్తుంది. గాలి లేని తెల్లవారుజామున, ఒకే దారిలో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొలిచి సగటు తీయండి. చదివేది పక్క సీటులోనివారే తప్ప మీరు కాకూడదు. స్పీకరు పెట్టె ఉండగా ఒకసారి, తీసేసి ఒకసారి కొలిచి, ఆ రెండు అంకెలు ఇక్కడ రాయండి. రెండోది గణనీయంగా తగ్గితే రేకు కోయవలసిన పనే లేదు.

రావులపాలెం సభ్యుడు:

60కి అభ్యంతరం లేదు. కొలిచే ముందు కారు మా షెడ్డుకు తీసుకురండి, కొక్కెం, బఫర్లు సర్ది పంపిస్తాను.