పీస్‌కీపర్ అంటే నిజంగా ఏం చేస్తారు? పోయొచ్చినోళ్లు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే, మాది చిత్తూరు పక్కన పల్లె. మా చిన్నాయన కొడుకు ఆర్మీలో ఉన్నాడు, వాణ్ణి ఐక్యరాజ్యసమితి తరఫున సౌత్ సూడాన్‌కి పంపుతున్నారంట. అక్కడ 2011 నుంచి ఐక్యరాజ్యసమితి పీస్‌కీపింగ్ (శాంతి కాపాడే) మిషన్ ఉంది, మన జవాన్లు చానామంది పోతుంటారు, అంతవరకు తెలుసు. మా పిన్నమ్మ మాత్రం పొద్దస్తమానం ఒకటే అడుగుతా ఉంది, ఆ గొడవ మనది కాదు కదా, మరి వీడు ఎవరి పక్క నిలబడాల అని. ఎవరి పక్కా కాదు, నీలం టోపీ పెట్టుకుని మధ్యలో ఉంటారు, ఆత్మరక్షణకో అప్పగించిన పని కాపాడుకోడానికో తప్ప కాల్చకూడదు అంటే, చేతిలో తుపాకీ ఎందుకు మరి అంటుంది. న్యాయమైన ప్రశ్నే!

నా డౌట్ ఏందంటే, సామాన్య జనాన్ని కాపాడడం కూడా వాళ్ల డ్యూటీలోనే ఉంది కదా, కళ్ల ముందే ఊరోళ్ల మీద దాడి జరిగితే జవాను అక్కడికక్కడే దిగొచ్చా లేక పైనుంచి ఆర్డర్ వచ్చేదాకా ఆగాలా? మామూలు రోజుల్లో పెట్రోలింగేనా, ఇంకేమన్నా చేస్తారా? ఇంటికి ఫోన్ కలుస్తుందా? కాంగో, లెబనాన్ పోయొచ్చినోళ్లయినా పర్లేదు, కుదిరితే వాయిస్ మెసేజ్ పెట్టండి, పిన్నమ్మకి చదువు రాదు.