స్టిక్కర్ మీద డిస్కౌంట్ చూడాలా, మొత్తం కట్టేది చూడాలా?

పాలపిట్ట: అమెరికాలో కొత్త కారు కొన్నవాళ్లు చెప్పండి. ఒకే మోడల్, రెండు చోట్లా స్టిక్కర్ ధర, అంటే కారు అద్దం మీద అంటించే కంపెనీ ధర, 36,000 డాలర్లు. మొదటి డీలర్ 2,000 తగ్గిస్తానంటున్నాడు, రెండోవాడు 500 దాటి దిగడం లేదు. మొదటివాడి దగ్గర కొనేస్తే సరిపోదా?

లెక్కలమాస్టారు: తొందరపడకండి. ఇద్దరినీ అవుట్ ద డోర్ ధర, అంటే పన్నులు, ఫీజులు అన్నీ కలిపి చివరికి కట్టే మొత్తం, రాసిమ్మనండి. పన్ను పక్కన పెట్టినా, మొదటివాడి 34,000కి పెయింట్ ప్రొటెక్షన్, టైర్లలో నైట్రోజన్ అంటూ 1,800, డాక్ ఫీజు (కాగితాల పనికి డీలర్ తీసుకునేది) 900 కలిస్తే 36,700. రెండోవాడు 35,500 మీద 300 డాక్ ఫీజు మాత్రమే వేస్తే 35,800. ఎక్కువ తగ్గించినవాడి దగ్గరే 900 ఎక్కువ! పైగా ఆ 2,000లో కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లకిచ్చే రిబేటు కలిపేసి ఉండొచ్చు. మీకది వర్తించకపోతే ఆ తగ్గింపూ పోతుంది.

నైట్‌షిఫ్ట్: మాస్టారూ, అవుట్ ద డోర్ దగ్గరే నాకు పేచీ. అందులో సేల్స్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కూడా ఉంటాయి. ఆరిగన్‌లో సేల్స్ ట్యాక్సే లేదు. అక్కడివాళ్లు "నాకింతకే వచ్చింది" అని పోస్ట్ పెడితే కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు టెన్షన్ తప్ప ఏం ఉపయోగం? పాత కారు ఎక్స్చేంజ్‌లో ఇస్తే ఇంకా గజిబిజి. చాలా రాష్ట్రాల్లో దాని విలువ తీసేసి మిగిలినదానికే పన్ను వేస్తారు, కాలిఫోర్నియాలో పూర్తి ధర మీద వేస్తారు. అందుకే పన్నుకు ముందు ధర, డీలర్ ఫీజులు, పెయింట్ ప్రొటెక్షన్ లాంటి యాడాన్లు, ఈ మూడే పోల్చాలి.

స్టిక్కర్‌ను కూడా మరీ తీసిపారేయకండి. 1958 నాటి చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు అద్దం మీదా అది ఉండాల్సిందే. ఆ చట్టం తెచ్చిన సెనేటర్ పేరు మీదే దాన్ని మన్రోనీ లేబుల్ అంటారు. ప్రకటనల్లో చాలాసార్లు కనబడని డెస్టినేషన్ ఛార్జీ (కారును డీలర్ దాకా చేర్చే ఖర్చు) అందులో ఉంటుంది. చిక్కంతా దాని పక్కన డీలర్ తన యాడాన్లు రాసి సొంతంగా అంటించే రెండో కాగితంతోనే.

లెక్కలమాస్టారు: వేరే రాష్ట్రాలవాళ్ల మధ్య సరే. ఒకే ఊళ్లో ఇద్దరు డీలర్లయితే మొత్తమే అడగాలి. విడివిడిగా అడిగితే ఏదో ఒక ఫీజు చివరి కాగితంలోనే బయటపడుతుంది. ఫ్లోరిడాలోనైతే డాక్ ఫీజుకు చట్టపరమైన పరిమితి కూడా లేదు.

కిస్తీబాబు: వడ్డీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? కంపెనీలు చాలాసార్లు 0 శాతం అప్పు, లేదా క్యాష్ రిబేటు, ఏదో ఒకటే ఇస్తాయి. 30,000 అప్పు 0 శాతానికి 60 నెలలైతే నెలకు 500. 2,000 రిబేటు తీసుకుని 28,000 అప్పు 6 శాతానికి తెస్తే నెలకు సుమారు 541. ధర తగ్గింది, కట్టేది దాదాపు 2,500 పెరిగింది. అవుట్ ద డోర్ కాగితంలో ఇది కనబడదు.

నైట్‌షిఫ్ట్: ఆ 0 శాతం మంచి క్రెడిట్ స్కోర్ ఉన్నవాళ్లకే బాబూ. పాలపిట్ట గారూ, మీ స్కోర్ ఎంతో ముందు చూసుకోండి.