బిల్డింగ్ రూల్స్ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌కే వదిలేయవచ్చా?

కడప ఎల్‌టీపీ:
నేను ఎల్‌టీపీని, అంటే ఇళ్ల ప్లాన్లు గీసి అనుమతికి పంపే లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌ను. ఇంటి ప్లాను లెక్కల కోసం మా ఆఫీసులో ఒక ఎక్సెల్ షీట్ తయారు చేసుకున్నాము. స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు నింపితే, 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల పట్టిక ప్రకారం ఏ వైపు ఎంత ఖాళీ వదలాలో అదే చెబుతుంది. సరిపోతే గడి పచ్చగా, తక్కువైతే ఎర్రగా మారుతుంది. ఒకప్పుడు పూట పట్టిన పని ఇప్పుడు పది నిమిషాల్లో ముగుస్తోంది. ఆన్‌లైన్ అనుమతికి పంపిన డ్రాయింగును ఎలాగూ సాఫ్ట్‌వేరే పరిశీలిస్తున్నప్పుడు, మనం మాత్రం కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోవడం దేనికని నా ప్రశ్న. మా సీనియర్ గారు మాత్రం చేత్తో లెక్క వేయని ప్లాను మీద సంతకం పెట్టనంటున్నారు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

కర్నూలు స్ట్రక్చరల్:
మీ సీనియర్ గారి పట్టుదలలో కొంత చాదస్తం ఉన్న మాట నిజమే, కానీ ఆయన భయానికి కారణం లేకపోలేదు. కూడికలు, గుణకారాలు యంత్రం తప్పు చేయదు. తప్పు జరిగేది గడి నింపే చోట. మన వైపు లేఅవుట్లలో 40 అడుగుల రోడ్డు అంటే అందరి లెక్కలో 12 మీటర్ల రోడ్డే. అదే 40 అడుగులని షీట్‌లో కొడితే 12.19 మీటర్లు అవుతుంది, 12 దాటింది కనుక పట్టికలో తరువాతి వరుసలోకి దూకుతుంది, ముందు వైపు వదలవలసిన ఖాళీ పెరగవచ్చు. ఇక నిజంగా వీధిలోకి వెళ్లి టేపు పట్టి చూస్తే, కాలువ మీద కట్టిన అరుగుల పుణ్యమా అని ఒక చివర 38 అడుగులు, ఇంకో చివర 41 అడుగులు వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఈ మూడింటిలో ఏ అంకె వేయాలో మీ షీట్‌కు ఎవరు చెబుతారు?

కడప ఎల్‌టీపీ:
రోడ్డు సంగతి ఒప్పుకుంటాను. అయితే మనిషి లెక్క అంతకంటే మేలని మాత్రం ఒప్పుకోను. గత నెలలో 5 సెంట్ల స్థలం ఒకటి వచ్చింది. సెంటుకు 40 చదరపు మీటర్లని మనసులోనే లెక్కేసుకుని మా సీనియర్ గారు 200 అని రాశారు. సెంటంటే 48.4 గజాలు, అంటే 40.47 చదరపు మీటర్లు. 5 సెంట్లు 202.34 అవుతుంది. పట్టికలో 200 దాటితే వేరే వరుస. ఆ రెండు చిల్లర మీటర్లను పట్టుకున్నది షీటే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చేతికి అది కనబడలేదు.

కర్నూలు స్ట్రక్చరల్:
బాగుంది, ఈ విషయంలో మీదే గెలుపు. అయితే సెట్‌బ్యాకు, అంటే చుట్టూ వదలవలసిన ఖాళీ, తప్పితే ప్లాను వెనక్కి వస్తుంది, అంతే. స్ట్రక్చరల్ లెక్కలో, అంటే భవనం బలం లెక్కలో, తప్పు వెనక్కి రాదు, గోడల మధ్యలో ఉండిపోతుంది. భూకంపాలను తట్టుకునే డిజైన్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1893 మొదటి భాగం 2016 సంచిక ప్రకారం కర్నూలు, కడప, అనంతపురం మూడూ రెండవ భూకంప జోన్‌లో ఉన్నాయి, జోన్ గుణకం 0.10. ఫ్రేము విరగకుండా ఎంత వంగి తట్టుకోగలదో దాన్ని బట్టి డిజైన్ బలాన్ని తగ్గించే ఆర్ విలువను మనమే ఎంచుకోవాలి: సాధారణ ఫ్రేముకు 3, వంగి తట్టుకునేలా కట్టే ప్రత్యేక డక్టైల్ ఫ్రేముకు 5. తక్కువ ఎత్తు ఇంటికి గరిష్ఠ స్పందన 2.5 తీసుకుంటే, 3 పెట్టినప్పుడు భవనం బరువులో 4.17 శాతం, 5 పెట్టినప్పుడు 2.5 శాతం అడ్డబలం, అంటే భూకంపంలో భవనాన్ని పక్కకు నెట్టే బలం, వస్తుంది. అంటే 500 టన్నుల ఇంటికి దాదాపు 20.8 టన్నులకు బదులు 12.5 టన్నులకే డిజైన్ చేసినట్టు. ఎవరో మూడవ జోన్‌లో ఉన్న విజయవాడ కోసం తయారు చేసిన ఫైలును తెచ్చుకుని, జోన్ మార్చి, సాధారణ ఫ్రేముకే ఆర్ 5ను అలాగే వదిలేసిన డిజైన్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ప్రోగ్రాము అన్నిటికీ పచ్చజెండా ఊపింది. అది అబద్ధం చెప్పలేదు, అడిగినదానికే జవాబిచ్చింది.

అనంతపురం సైట్:
ఆర్ 5 పెట్టుకున్నవారు డక్టైల్ ఫ్రేముల ఇనుము కట్టుబడి ప్రమాణమైన ఐఎస్ 13920 ప్రకారం, నిలువు కడ్డీలను చుట్టి ఉండే రింగుల కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచి, వంపు తరువాత కడ్డీ మందానికి ఆరు రెట్లు, 65 మిల్లీమీటర్లకు తగ్గకుండా పొడిగించాలి. మా సైటులో బార్ బెండింగ్ మేస్త్రి చేతిలో తయారయ్యే రింగు 90 డిగ్రీలకే ఆగిపోతుంది. అడిగితే, "ఇన్నేండ్లూ ఇట్నే కడతాండాం సారూ" అంటాడు. పచ్చ గడి ఎక్కడో ఆఫీసులో ఉంది, రింగు ఇక్కడ ఉంది. రెండిటినీ కలిపే మనిషి లేనప్పుడు షీటా, చేతి లెక్కా అనే చర్చ నాకు కాస్త దూరపు మాటగానే తోస్తోంది.

ఇంకొక చిన్న సంగతి. 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే నివాస భవనాలకు ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. నేను వాడిన ప్రోగ్రాము జాబితాలో ఇటుక, కాంక్రీటు దిమ్మె ఉన్నాయి గానీ బేతంచెర్ల నాపరాతి గోడ లేదు. దగ్గరగా కనబడినదేదో ఎంచుకుంటే లెక్క వచ్చేసింది. అది ఏ గోడ లెక్కో నాకే తెలియదు.

కడప ఎల్‌టీపీ:
ఆర్ గడిలో ముందుగా ఏ అంకె లేకుండా ఖాళీగా ఉంచి, ఎవరు నింపితే వారి పేరు, కారణం రాయనిదే ఫలితం కనబడకుండా ఈ రాత్రే మారుస్తాను. రోడ్డు వెడల్పుకు లేఅవుట్‌లో ఉన్నది ఒకటి, టేపుతో కొలిచినవి రెండు, మొత్తం మూడు గడులు పెడతాను. చేతి లెక్క మాత్రం మళ్లీ మొదలుపెట్టను.

కర్నూలు స్ట్రక్చరల్:
మూడింటికి మూడు వేర్వేరు అంకెలు వచ్చినప్పుడు షీట్ ఏది తీసుకుంటుందో అది కూడా రాయండి.