సముద్రపక్షులకు పరికరాలు కట్టి వెంబడించడం అవసరమా, హింసా?

కొత్తపట్నం కెరటం:
సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళిన వారంలో కొత్తపట్నం ఒడ్డున మా మేనమామ వల దులుపుతుండగా, అందులో చిక్కి చనిపోయిన ఒక సముద్రపు కాకి (గల్) బయటపడింది. తల మీద లేత గోధుమరంగు మచ్చలు, ఎర్రటి ముక్కు, కుడి కాలికి చిటికెన వేలి గోరంత వెడల్పున, పక్షిని గుర్తుపట్టడానికి కట్టే ఒక లోహపు కడియం. అక్షరాలు అరిగిపోయాయి. చింతపండుతో తోమి చూస్తే నాలుగు అంకెలు మాత్రం తేలాయి. ఈ మధ్య కడియాలతో ఆగకుండా పక్షుల వీపులకు ఉపగ్రహ పరికరాలు కూడా కడుతున్నారని చదివాను. వాటి రాకపోకలు, గుడ్లు పెట్టే చోట్లు, ఆయుష్షు తెలియాలంటే ఇది తప్పదని కొందరు, నోరులేని ప్రాణికి ఇది శిక్ష అని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు మాస్టారు:
ముందుగా ఒక మనవి. ఆ కడియాన్ని ఇక చింతపండుతో తోమకండి, పులుపు లోహాన్ని తినేస్తుంది. పలుచని కాగితం చుట్టి మెత్తని పెన్సిల్‌తో రుద్దితే కంటికి కనపడని అంకెలు కూడా కాగితం మీదికి వస్తాయి. మన దేశంలో కట్టే కడియాల మీద సాధారణంగా పక్షులను పరిశోధించే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పేరు ఉంటుంది. మీ వర్ణనను బట్టి అది గోధుమతల సముద్రపు కాకి కావచ్చు. లడఖ్, టిబెట్టు పీఠభూముల సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి చలికాలానికి మన తీరానికి దిగుతుంది.

ఇక ప్రశ్నకు వస్తాను. ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం బోధించినవాడిగా, వెంబడించకుండా సముద్రపక్షి గురించి మనం తెలుసుకోగలిగేది బహు స్వల్పమని నా నిశ్చితాభిప్రాయం. అది బతుకులో అధికభాగం మన కంటికి ఆనని చోట గడుపుతుంది. ఆర్కిటిక్ టెర్న్ అనే నూరు గ్రాముల పిట్టనే తీసుకోండి. అది ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి దక్షిణ ధ్రువ సముద్రానికి పోయి వస్తుందని పూర్వమే తెలుసు కానీ, ఏ దారిన పోతుందో ఊహే తప్ప రుజువు లేదు. గ్రీన్లాండ్‌లో దాని కాలికి 1.4 గ్రాముల పరికరం కట్టి, 2010లో ఫలితాలు ప్రకటించినప్పుడు, అది ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లు ఎగురుతోందని తేలింది. ఆ పరికరంలో ఉపగ్రహమూ లేదు, జీపీఎస్సూ లేదు. వెలుతురు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని మాత్రమే నమోదు చేసుకుంటుంది. పగటి నిడివిని బట్టి అక్షాంశం, మిట్టమధ్యాహ్నం పడిన వేళను బట్టి రేఖాంశం కడతారు. రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో మాత్రం అక్షాంశం చిక్కదు. మన పంచాంగకర్తలకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

నేలపట్టు నేస్తం:
మాస్టారు లాభం చెప్పి నష్టం దాటవేశారు. దక్షిణ హిందూ మహాసముద్రంలోని క్రోజే దీవుల్లో రాజ పెంగ్విన్‌ల రెక్కలకు లోహపు పట్టీలు కట్టి పదేళ్ళు గమనించారు. పట్టీ ఉన్నవి, లేనివాటి కంటే 39 శాతం తక్కువ పిల్లల్ని పెంచాయనీ, వాటి మనుగడ 16 శాతం తగ్గిందనీ 2011లో ప్రకటించారు. పక్షి సంతానోత్పత్తిని తెలుసుకోవడానికి కట్టిన పట్టీయే ఆ సంతానాన్ని తగ్గిస్తే, మనం కొలుస్తున్నది పక్షినా, పట్టీనా?

ఒంగోలు మాస్టారు:
అది ఈదేటప్పుడు నీటిని ఎదిరించే రెక్క పట్టీ. కాలి కడియం వేరు, వీపు పరికరం వేరు. పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్వే దీవిలో 1956లో కాలికి కడియం కట్టిన విజ్డమ్ అనే ఆల్బట్రాస్ (పొడవాటి రెక్కల పెద్ద సముద్రపక్షి), అరిగినప్పుడల్లా కొత్త కడియం మార్పించుకుంటూ, 2024 చివరలో కూడా గుడ్డు పెట్టింది. ఆ కడియమే లేకపోతే ఒక ఆల్బట్రాస్ డెబ్బై దాటి బతుకుతుందని ఎవరికి తెలిసేది?

నేలపట్టు నేస్తం:
ఒక్క పక్షి బతికితే కడియం మంచిదైపోతుందా? నేను అడిగింది పట్టీ సంగతి.

కావలి కుర్రాడు:
2022లో ఐదు నెలల గాడ్విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా పదకొండు రోజుల్లో ఎగిరింది. పరికరం కట్టబట్టే గదా తెలిసింది.

నేలపట్టు నేస్తం:
గాడ్విట్ తీరపక్షి, సముద్రపక్షి కాదు. చర్చాంశం చదివి రాయగలరు.

పినాకిని:
మా ఊరి బస్సు ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు, పిట్టకు ఉపగ్రహమట.

మైపాడు తెప్ప:
మాస్టారికి నమస్కారాలు. పరికరం బరువు పక్షి బరువులో మూడు శాతం మించకూడదని నియమం పాటిస్తారని విన్నాను. అరవై కిలోల మనిషికి మూడు శాతమంటే కిలో ఎనిమిది వందల గ్రాములు. ఆ బరువును వీపున కట్టుకుని, తినేటప్పుడూ పడుకునేటప్పుడూ దించకుండా, సంవత్సరమంతా వేటకు వెళ్ళమని నాకు చెబితే నేను ఒప్పుకోను.

ఒంగోలు మాస్టారు:
మూడు శాతమన్నది గరిష్ఠ పరిమితి. టెర్న్ మోసింది అంతకంటే తక్కువే. పైగా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే వన్యపక్షిని పట్టుకోవడానికే వీలులేదు. పెంగ్విన్ పట్టీ గురించి కూడా ఒక మాట. పట్టీ హాని చేస్తోందని ఎలా తెలిసింది? పట్టీ లేని పెంగ్విన్‌ల చర్మం కింద చిన్న చిప్ పెట్టి పోల్చి చూస్తేనే కదా! అంటే వెంబడించే విద్యలోని తప్పును ఆ విద్యే పట్టుకుంది.

నేలపట్టు నేస్తం:
పట్టుకునే లోపల దశాబ్దాల తరబడి పట్టీలు మోసిన పెంగ్విన్‌ల మాటేమిటి? ఆ పక్షుల లెక్కల మీద ఆధారపడి వాతావరణ మార్పు గురించి రాసిన వ్యాసాల మాటేమిటి? నేలపట్టులో గూడబాతులు కడప చెట్ల మీద పిల్లల్ని చేసినప్పుడు నేను ఏటా దుర్భిణితో లెక్కిస్తాను. ఏ పక్షినీ ముట్టుకోలేదు. మాస్టారూ, మీరు ఎప్పుడైనా ఒక అడవి పక్షిని చేత్తో పట్టుకున్నారా? లేక తరగతి గదిలోంచే మాట్లాడుతున్నారా?

ఒంగోలు మాస్టారు:
దుర్భిణితో గూళ్ళు లెక్కపెట్టవచ్చు. ఆ గూడబాతు వర్షాకాలమంతా ఎక్కడ ఉండి వచ్చిందో, పోయినేడు వచ్చిన పక్షి అదేనో కాదో దుర్భిణి చెప్పదు.

పట్టుకున్నాను. యౌవనంలో ఒక శిబిరంలో చెల్లాచెదురుగా ఉన్న నీటి మడుగుల మధ్య సన్నని నల్ల వల కట్టాము. చీకటి పడుతుండగా ఒక ఉల్లంకి పిట్ట చిక్కింది. చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ మెడ వచ్చేలా, వీపు అరచేతికి ఆనేలా పట్టుకోమని నేర్పారు. అలాగే పట్టాను. గుండె కొట్టుకోవడం విడివిడిగా దెబ్బలుగా కాక, ఒక సన్నని వణుకుగా అరచేతికి తగిలింది. కడియం నొక్కుతున్నంతలో ఆ వణుకు ఆగిపోయింది. ఎక్కువసేపు వలలో ఉంచామో, నా పట్టు బిగిసిందో ఈనాటికీ తెలియదు. ఆ రోజు పుస్తకంలో ఆ సంఖ్య ఎదుట అడ్డగీత గీసింది నేనే. కాబట్టి తరగతి గది మాట దయచేసి మళ్ళీ ఎత్తకండి. అయినా నా అభిప్రాయం మారలేదు.

పినాకిని:
మాస్టారూ, నా వెటకారం వెనక్కి తీసుకుంటున్నాను.

ఒంగోలు మాస్టారు:
మంచిది. లాభం సంగతి ముగించనివ్వండి. పొడవాటి గాలపు తాళ్ళ ఎరకు ఆశపడి, కొక్కేలకు తగులుకుని ఆల్బట్రాస్‌లు మునిగి చనిపోతున్నాయి. 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దక్షిణ హిందూ మహాసముద్రంలో 169 ఆల్బట్రాస్‌లకు ఓడల రాడార్‌ను పసిగట్టే పరికరాలు కట్టారు. అవి కనుగొన్న ఓడల్లో నాలుగింట ఒక వంతుకు పైగా తమ ఉనికి తెలిపే సంకేతాన్ని పంపడం లేదని బయటపడింది. పక్షి తన హంతకుడి జాడ తానే చెప్పిందన్నమాట.

మైపాడు తెప్ప:
ఇదిగో, ఇప్పుడు అసలు విషయం వచ్చింది. పక్షి మోసేది గ్రాముల బరువే కావచ్చు, అది తెచ్చే సమాచారం బరువు ఎవరి నెత్తిన పడుతుంది? మీరు హంతకుడన్నది పెద్ద ఓడను. మా దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తెప్పకూ, చిన్న బోటుకూ వర్తిస్తుంది.

కొన్నేళ్ళ క్రితం, నీరు సముద్రంలో కలిసే మా మొగ దగ్గరి ఇసుక దిబ్బ మీద చిన్న టెర్న్‌లు గుడ్లు పెడతాయా అని అడుగుతూ ఇద్దరు వచ్చారు. మా ఇంట్లోనే రెండు రోజులు ఉన్నారు, మా అమ్మ చేపల పులుసు వండి పెట్టింది. గుడ్లు ఎక్కడ ఉంటాయో, ఆటుపోట్లకు ఏ అంచు మునుగుతుందో మా నాన్న వెంట నడిచి చూపించాడు. గులకరాళ్ళ లాగా ఉండే ఆ గుడ్ల మీద కాలు పడకుండా ఎలా నడవాలో కూడా చెప్పాడు. మరుసటి వేసవికి ఆ దిబ్బ చుట్టూ కంచె వచ్చింది, బోటు లాగే దారి మూసుకుపోయింది. ఎవరు వేయించారో అడిగితే మీకెందుకన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం మేము పాటిస్తూనే ఉన్నాం. కంచె వద్దని నేను అనలేదు. చూపించిన మనిషికి ఒక మాట చెప్పలేదే అన్నదే నా బాధ.

ఒంగోలు మాస్టారు:
మీరు శాస్త్రాన్నీ పాలననూ కలిపివేస్తున్నారు. కంచె వేసింది పక్షి కాదు, పరికరమూ కాదు.

మైపాడు తెప్ప:
మీరు విడదీయగలరు మాస్టారూ, మాకు ఆ వెసులుబాటు లేదు. మా చుట్టాల పిల్లవాడు ఒకసారి కడియం ఉన్న పక్షి దొరికితే ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాడు. సంఖ్య, తేదీ, దొరికిన చోటు అన్నీ రాశాడు. జవాబు లేదు. ఆ పక్షి ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని వాడు ఏడాది ఎదురుచూశాడు. తరువాత మళ్ళీ దొరికితే సముద్రంలో వదిలేశాడు. పరికరం మంచిదా చెడ్డదా అని మీరిద్దరూ ఇన్ని రోజులుగా వాదించుకుంటున్నారు. ఒడ్డున దాన్ని ఏరేవాడి ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

నేలపట్టు నేస్తం:
పక్షి బాధను వదిలి మనుషుల బాధకు వెళ్ళడం నాకు సమ్మతం కాదు. అయితే ఉత్తరానికి జవాబు ఇవ్వకపోవడం తప్పే.

ఒంగోలు మాస్టారు:
ఆ చివరి మాట నేనూ ఒప్పుకుంటాను. మా శిబిరంలో వందల కడియాలు కట్టాము. కట్టినవాటిలో ఎన్ని మళ్ళీ దొరికాయని చర్చించుకున్నాము కానీ, దొరికించినవారికి ఎవరు జవాబు రాశారో నేను ఒక్కసారీ అడగలేదు.

కొత్తపట్నం కెరటం:
మాస్టారు చెప్పినట్లు కాగితం చుట్టి పెన్సిల్‌తో రుద్దాను. మరో రెండు అంకెలు తేలాయి, చివరిది ఒకటో ఏడో తేలలేదు, రెండూ రాశాను. వల కన్ను ఎంత, ఎన్ని బారల లోతున వేశాడు అన్నవి కూడా మా మామ చెప్పగా రాసి, ఆయన పేరుతో, ఆయన చిరునామాతోనే నిన్న పంపించాను. జవాబు వస్తే ఇక్కడ పెడతాను.

మైపాడు తెప్ప:
రాకపోయినా పెట్టండి తమ్ముడూ, తేదీతో సహా.