నాన్నగారికి 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, దాని మీద టాప్-అప్ తీసుకోవాలా, సూపర్ టాప్-అప్ తీసుకోవాలా?

నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. ఆఫీసు గ్రూప్ పాలసీ రిటైర్మెంటుతోనే పోయింది, సొంతంగా కట్టుకుంటున్న 5 లక్షలదే మిగిలింది. ఈ రోజుల్లో అది చాలదేమోనని టెన్షన్‌గా ఉంది. పైన ఇంకో 15 లక్షలకి ఏది మంచిదండీ?

జవాబు 1
సూపర్ టాప్-అప్పే తీసుకోండి. డిడక్టిబుల్ (అంటే ముందుగా మనమో, పాత పాలసీయో భరించాల్సిన మొత్తం) 5 లక్షలు అనుకుందాం. ఏడాదిలో రెండుసార్లు ఆస్పత్రిలో చేరితే ఒకసారి 4 లక్షలు, ఇంకోసారి 3 లక్షలు అయ్యాయి. మామూలు టాప్-అప్ ఏ బిల్లుకి ఆ బిల్లు విడిగా చూస్తుంది, ఏదీ 5 దాటలేదు కాబట్టి పైసా రాదు. సూపర్ టాప్-అప్ రెండూ కలిపి చూసి, పైనున్న 2 లక్షలు ఇస్తుంది.

జవాబు 2
షుగర్ సంగతి మాత్రం దాచకండి, దండం పెడతాను. మా బాబాయి ఫారంలో రాయలేదు. తర్వాత డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరుగారు 'పదేళ్లుగా షుగర్' అని ఒక్క లైను రాశారు, క్లెయిమ్ అక్కడే ఆగిపోయింది, పిన్ని గాజులు తాకట్టు పెట్టి బిల్లు కట్టాం. ముందే చెబితే వెయిటింగ్ (పాత జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) ఎంత ఎక్కువన్నా మూడేళ్లే.

జవాబు 3
రూమ్ రెంట్ పరిమితి, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) రెండూ చదివాకే సంతకం పెట్టించండి. ఇంట్లో 70 నిండినవాళ్లుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు (ప్రభుత్వ ఉచిత వైద్య బీమా) తీయించండి, ఆదాయంతో పనిలేదు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు.

అడిగినవారు
చాలా థాంక్సండీ. నానమ్మకి 84, ఆ కార్డు సంగతి రేపే చూస్తాను.