వేడినీళ్లలో పీఎల్ఏ పట్టీ వంగట్లేదు, మెలి తిరుగుతోంది

మెలిక:
3డీ ప్రింటర్‌లో వేసిన పట్టీ 80×10 మి.మీ., మందం 0.8 మి.మీ. పీఎల్ఏ ప్లాస్టిక్, పొర మందం 0.2, నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ వచ్చే మొన) 215, బెడ్ (ప్రింట్ నిలిచే పళ్లెం) 60 డిగ్రీలు, వేగం సెకనుకు 40 మి.మీ., ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు) 100 శాతం. మిగతావన్నీ క్యూరా (ప్రింట్ సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) డీఫాల్టులే. 85 డిగ్రీల నీళ్లలో వేస్తే గుండ్రంగా చుట్టుకోవాలి కదా, కాస్త మెలి తిరిగి ఆగిపోతోంది. వేడి చాలట్లేదా?

సన్నగీత:
నీళ్ల తప్పేం లేదండి. పీఎల్ఏ 60 దగ్గరే మెత్తబడుతుంది. తేడా అంతా గీతల్లో ఉంది. నాజిల్ లాగుతూ పరిచిన గీత ఆ సాగుదలతోనే గట్టిపడుతుంది, వేడి తగిలితే తన పొడవు వెంట కుదించుకుంటుంది. డీఫాల్టులో 45, 135 కోణాలు పొర మార్చి పొర వస్తాయి కాబట్టి ఒకదాని లాగుడు ఇంకోటి కొట్టేస్తుంది. మిగిలిందే మీ మెలి. పట్టీ అంచు వెంట చుట్టూ వేసే గీతలు, అంటే గోడలు కూడా వంపుకు అడ్డే.

పొర 0.1 చేయండి, మొదటి పొర కూడా అంతే ఉండాలి, లేదంటే లెక్క తప్పుతుంది. మొత్తం 8 పొరలు. గోడలు 0. ఇన్‌ఫిల్ 100 పెడితే క్యూరా అన్నిటినీ టాప్/బాటమ్ పొరలుగానే చూస్తుంది. అందుకని కోణాలు టాప్/బాటమ్ లైన్ డైరెక్షన్స్‌లో ఇవ్వాలి: [0,0,0,0,90,90,90,90]. కింది నాలుగు పొరల గీతలు పట్టీ పొడవునా ఉన్నాయా అని ప్రివ్యూలో చూడండి, లేకపోతే పట్టీని తిప్పండి. ఆ వైపే వంపుకు లోపలివైపు అవుతుంది.

పొరలవాడు:
బెడ్ వేడి కూడా ఆపేయండి. 60 దగ్గర కింది పొరల బిగువు ప్రింట్ అవుతుండగానే సడలిపోతుంది, మనకు కావాల్సింది ఆ పొరల బిగువే. పట్టు కోసం గ్లూ స్టిక్ రాస్తే చాలు. నాజిల్ 195–200, వేగం 70, ఫ్యాన్ పూర్తిగా. ఇంకా చల్లగా పోతే పొరలు సరిగా అతుక్కోక నీళ్లలో నడిమికి విచ్చుకుంటాయి.

వంపు ఎంత వస్తుందో ముందే లెక్కేయొచ్చు. అన్ని పొరలూ పొడవు గీతలతో ఒక పట్టీ, అడ్డ గీతలతో ఒకటి వేసి, నీళ్లలో ముంచాక కాలిపర్‌తో పొడవు కొలవండి. రెండిటి కుదింపు తేడా ε, మొత్తం మందం h అయితే వంపు వ్యాసార్థం సుమారు 2h/(3ε). తేడా 5 శాతం, మందం 0.8 అయితే 10.7 మి.మీ. అంటే పట్టీలో ప్రతి 10 మి.మీ. పొడవు దాదాపు 54 డిగ్రీలు తిరుగుతుంది. మందం రెట్టిస్తే వంపు సగమే.

మెలిక:
ఇప్పుడు చక్కగా చుట్టుకుంటోంది, థ్యాంక్సండీ. కానీ పటకారుతో బయటికి తీసేసరికి సాగిపోతోంది. చల్లారాక మళ్లీ తనంతట తనే తిన్నగా అవ్వాలంటే?

సన్నగీత:
మెత్తగా ఉన్నప్పుడు తీయకండి. గిన్నెలోనే చన్నీళ్లు పోసి, 45 డిగ్రీల లోపుకు దిగాక తీయండి.

తిరిగి తిన్నగా అవడం పీఎల్ఏతో కాదు, దీనిది ఒకవైపు ప్రయాణమే. 70 డిగ్రీల నీళ్లలో మెత్తబరిచి చేత్తో సాపు చేసి, అలాగే పట్టుకుని చల్లార్చొచ్చు. మళ్లీ వేడి చేస్తే చుట్టుకుంటుంది, కాకపోతే పూర్తిగా రాదు. రెండువైపులా కదలాలంటే తేమకు ఉబ్బి, ఆరితే ముడుచుకునేది కావాలి. చెక్కపొడి కలిపిన ఫిలమెంట్ (ప్రింటర్‌కు అందించే ప్లాస్టిక్ తీగ) అలాంటిదే, పైన్ కాయ తడికి మూసుకుని ఎండకు విచ్చుకునే పద్ధతి. అయితే పని నిమిషాల్లో తేలదు, గంటలు పడుతుంది.